పాత నొప్పి – తప్పుతున్న అడుగు: రైతులు, రైతు కూలీలు తెలుసుకోవలసిన విషయాలు, కైరోప్రాక్టిక్ చికిత్సపై సూచనలు

పొలం గట్టు మీద కాలు జారి పడితే మనం బురదను తిట్టుకుంటాం, చెప్పులను తిట్టుకుంటాం. అయితే అదే గట్టు మీద ఇరవై ఏళ్ళుగా మందు డబ్బా వీపున వేసుకుని నడిచిన రైతు ఈ ఒక్క ఖరీఫ్‌లోనే రెండు మూడుసార్లు పడ్డాడంటే కారణం బురద ఒక్కటే కాదు. ఆయనకు ఎంతకాలంగా నడుము నొప్పి ఉందో, మోకాలు ఎప్పటినుంచి పట్టేస్తోందో కూడా అడగాలి. ఎక్కువకాలం ఉండిపోయిన నొప్పి మనిషి నిలకడను కొద్దికొద్దిగా తగ్గిస్తుంది. ఈ సంగతి పల్లెల్లో చాలామందికి తెలియదు. తెలిసినవారు కూడా బయటికి చెప్పరు. నాట్ల ముఠాలో ఒక ఆడమనిషి నడుము నొప్పి అంటే మర్నాడు ఆమెను పిలవరేమోనన్న భయం ఉంటుంది. అందుకే నొప్పిని దాచుకుని, బిళ్ళ వేసుకుని మడిలో దిగుతారు.

దాచుకున్న నొప్పితో ఒకసారి పడి తుంటి ఎముక విరిగితే ఆ కుటుంబానికి ఒక సీజన్ పనీ పోతుంది, ఆసుపత్రి అప్పూ మిగులుతుంది. కాబట్టి ఈ విషయాన్ని కూడా పైరు తెగులు మాదిరిగానే తొలి దశలో గుర్తించి యాజమాన్యం చేసుకోవాలి.

నొప్పి ఎప్పుడు పాతది అవుతుంది?

బస్తా ఎత్తినప్పుడు పట్టేసిన నడుము సాధారణంగా కొన్ని రోజుల్లోనో, కొన్ని వారాల్లోనో సర్దుకుంటుంది. నొప్పి మూడు నెలలు దాటినా తగ్గకుండా ఉంటే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు. మన రైతుల్లో ఇది ఎక్కువగా నడుము, మోకాళ్ళు, మెడ, భుజాలలో కనిపిస్తుంది. పనులను చూస్తే కారణం తెలుస్తుంది. నాట్లు వేసేవారు రోజంతా నడుము వంచి, బురదలో వెనక్కి అడుగులు వేస్తారు. పత్తి ఏరేవారు మెడకో, నడుముకో ఒడి కట్టుకుని వంగుతూ లేస్తూ ఉంటారు. 16 లీటర్ల స్ప్రేయర్ నిండా నీళ్ళు పోస్తే నీటి బరువే 16 కిలోలు, డబ్బా బరువు దానికి అదనం. యూరియా బస్తా 45 కిలోలు. కోస్తాలో ధాన్యం బస్తా 75 కిలోలు. ఇవన్నీ ఏళ్ళ తరబడి మోసిన వెన్ను అది.

శరీరం పడకుండా ఎలా నిలుస్తుంది?

మనం నిలబడడానికి మెదడుకు మూడు వైపుల నుంచి సమాచారం అందాలి.

1. కళ్ళు: నేల ఎత్తుపల్లాలు, గట్టు అంచు ఎక్కడుందో చెబుతాయి.
2. లోపలి చెవి: తల ఎటు వంగింది, ఎటు తిరిగింది అన్నది చెబుతుంది.
3. అరికాళ్ళు, కీళ్ళు, కండరాలు: కాలు ఎక్కడ ఆనింది, మోకాలు ఎంత వంగింది, నడుము ఎటు ఒరిగింది అన్నది చూడకుండానే చెబుతాయి. కళ్ళు మూసుకుని కూడా మన చేయి ఎక్కడుందో మనకు తెలుస్తుంది కదా, అది ఈ జ్ఞానం వల్లనే.

మెదడు ఈ మూడింటినీ కలిపి చూసుకుని, ఏ కండరం ఎంత బిగించాలో క్షణంలో ఆజ్ఞ ఇస్తుంది. తెల్లవారుజామున మోటారు వేయడానికి వెళ్ళేటప్పుడు చీకట్లో కళ్ళ సాయం తగ్గిపోతుంది. అప్పుడు భారమంతా మిగిలిన రెండింటి మీద పడుతుంది. పాత నొప్పి సరిగ్గా ఆ మూడోదాన్నే దెబ్బతీస్తుంది.

నొప్పి వల్ల నిలకడ ఎలా తప్పుతుంది?

* కండరాలు ఆలస్యంగా స్పందిస్తాయి. వెన్నుపూసలను అంటిపెట్టుకుని ఉండే లోపలి చిన్న కండరాలు పాత నడుము నొప్పిలో సన్నబడి బలహీనపడతాయి. కాలు జారిన క్షణంలో నడుమును సర్దవలసినవి అవే. అవి కాస్త ఆలస్యమైతే మనిషి పడిపోతాడు.
* మోకాలు నొప్పి ఉంటే తొడ ముందు కండరం పూర్తి బలంతో పనిచేయదు. అందుకే గట్టు దిగేటప్పుడు మోకాలు ఒక్కసారిగా మడతపడినట్టు అవుతుంది.
* కీళ్ళనుంచి వచ్చే కబురులో స్పష్టత తగ్గుతుంది. కాలు ఎక్కడ పెట్టామో మెదడుకు సరిగా అందదు.
* శరీరం బిగుసుకుపోతుంది. నొప్పి వస్తుందేమోనని నడుము కదలకుండా నడుస్తాం. తుఫాను గాలికి వంగే చెట్టు నిలుస్తుంది, వంగని చెట్టు విరుగుతుంది. మన నడుము సంగతీ అంతే.
* ధ్యాస నొప్పి మీదే ఉంటుంది. అడుగు మీద ఉండవలసిన శ్రద్ధ తగ్గుతుంది. రాత్రి నిద్ర చాలకపోతే పగలు ఇంకా తగ్గుతుంది.
* భయంతో పని మానేస్తే కండరాలు మరింత బలహీనమవుతాయి. దాంతో నొప్పి పెరుగుతుంది, నిలకడ ఇంకా తగ్గుతుంది.

అమెరికాలోని బోస్టన్ నగరంలో 70 ఏళ్ళు దాటిన 749 మందిని 18 నెలలపాటు గమనించిన అధ్యయనం ఒకటి 2009లో వెలువడింది. రెండు లేదా అంతకన్నా ఎక్కువ చోట్ల కీళ్ళ నొప్పులు ఉన్నవారు, నొప్పి లేనివారికన్నా ఎక్కువసార్లు పడుతున్నారని అందులో తేలింది. వాళ్ళు నడిచింది చదునైన నేల మీద. మన వాళ్ళు నడిచేది అడుగు వెడల్పు గట్టు మీద.

ఇంటి దగ్గరే చూసుకోండి

కింది రెండు పరీక్షలకు ఖర్చు లేదు. పక్కన ఒక మనిషిని, చేతికి అందేలా గోడను ఉంచుకుని చేయండి.

మొదటిది: ఒక పాదం మడమ రెండో పాదం వేళ్ళకు తగిలేలా, రెండు పాదాలూ ఒకే గీత మీద పెట్టి నిలబడండి. ఏమీ పట్టుకోకుండా 10 సెకన్లు నిలబడలేకపోతే పడిపోయే ప్రమాదం ఎక్కువగా ఉన్నట్టు లెక్క.

రెండోది: కుర్చీలో కూర్చుని లేచి, 3 మీటర్లు మామూలుగా నడిచి, వెనుదిరిగి వచ్చి మళ్ళీ కూర్చోండి. పెద్దవయసు వారికి దీనికి 12 సెకన్లు, అంతకు మించి పడుతుంటే జాగ్రత్త పడాలి.

గత ఏడాదిలో రెండుసార్లు పడినా, పడతామన్న భయంతో గట్టు మీదికి వెళ్ళడం తగ్గించినా, పరీక్షలతో పనిలేకుండానే డాక్టరును కలవాలి.

తూలడానికి ఇతర కారణాలు

తూలు ప్రతిసారీ నొప్పి వల్లనే వస్తుందనుకోకూడదు. వీటిని ముందుగా చూసుకోవాలి.

* పురుగుమందు కొట్టిన రోజు తల తిరగడం, చొంగ కారడం, చెమటలు, కంటిపాప చిన్నదవడం ఉంటే అది విషప్రభావం. వెంటనే పని ఆపి, బట్టలు మార్చి, సబ్బుతో ఒళ్ళు కడిగి, మందు డబ్బా లేబుల్ వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాలి.
* షుగరు వ్యాధిలో అరికాళ్ళు మొద్దుబారతాయి. చెప్పు జారినా తెలియదు.
* కంటి శుక్లాలు, బీపీ మందు మోతాదు ఎక్కువ కావడం, ఎండలో నీళ్ళు తాగకపోవడం కూడా కారణాలే.
* నొప్పికి, నిద్రకు ఇచ్చే కొన్ని మందులు మత్తు, తూలు కలిగిస్తాయి. వేసుకున్న బిళ్ళ ఏమిటో డాక్టరుకు చూపించండి.

మరో హెచ్చరిక: ఊళ్ళో దొరికే నొప్పి బిళ్ళలు నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వంటి ప్రాంతాల రైతులు డాక్టరు చెప్పకుండా వీటిని ముట్టుకోకూడదు. పేరు తెలియని పొడులు, ఇంజెక్షన్లలో స్టెరాయిడ్లు ఉండే అవకాశం ఉంది. అవి ఎక్కువకాలం వాడితే ఎముకలు గుల్లబారతాయి. అప్పుడు చిన్నగా పడినా విరుగుతాయి.

కైరోప్రాక్టిక్ అంటే ఏమిటి?

ఈమధ్య ఫోన్లలో వెన్ను, మెడ టకటక విరిచే వీడియోలు చూసి చాలామంది రైతులు దీని గురించి అడుగుతున్నారు. కైరోప్రాక్టిక్ అనేది 1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రం, డావెన్‌పోర్ట్ పట్టణంలో డి.డి. పామర్ మొదలుపెట్టిన పద్ధతి. మందు, ఆపరేషన్ లేకుండా వెన్నుపూసల కీళ్ళమీద చేతులతో కొలిచినట్టు, వేగంగా ఒత్తిడి ఇస్తారు. ఆ సమయంలో వచ్చే టక్ శబ్దం పక్కకు జరిగిన ఎముక తిరిగి చోటికి రావడం కాదు. కీలులోని ద్రవంలో వాయువు బుడగ వల్ల వచ్చే శబ్దం. శబ్దం వచ్చినంత మాత్రాన జబ్బు నయమైనట్టు కాదు, రాకపోతే చికిత్స విఫలమైనట్టూ కాదు.

ఇది ఎలా సాయపడవచ్చు? పట్టేసిన కీలు కదిలితే నొప్పి కొంత తగ్గుతుంది. నొప్పి తగ్గితే బిగిసిన కండరం వదులవుతుంది, ఆగిపోయిన కండరం పనిలోకి వస్తుంది. కీళ్ళు, కండరాల నుంచి మెదడుకు వెళ్ళే కబురు మెరుగుపడుతుందని కూడా భావిస్తున్నారు. అన్నిటికన్నా ముఖ్యం, నొప్పి తగ్గిన మనిషి వ్యాయామం చేయగలుగుతాడు.

ఆధారాలు ఎంతవరకు ఉన్నాయో కూడా తెలుసుకోవాలి. 2017లో అమెరికా వైద్యుల కళాశాల ఇచ్చిన మార్గదర్శకాలు నడుము నొప్పికి మందులకన్నా ముందు ప్రయత్నించదగిన వాటిలో వ్యాయామంతో పాటు వెన్నును చేతులతో సర్దే చికిత్సను చేర్చాయి. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత నడుము నొప్పిపై ఇచ్చిన మార్గదర్శకాలలో కూడా వ్యాయామం, అవగాహన, మర్దన, వెన్ను సర్దే చికిత్స ఉన్నాయి. నడుముకు పట్టీలు కట్టుకోవడం, బరువులు వేలాడదీసి లాగడం మామూలుగా వద్దని అదే సంస్థ చెప్పింది. నడుము నొప్పి ఉన్న 750 మంది అమెరికా సైనికులపై చేసి 2018లో ప్రచురించిన పరిశోధనలో, మామూలు వైద్యానికి కైరోప్రాక్టిక్ తోడైనవారికి ఆరు వారాల్లో నొప్పి ఓ మోస్తరుగా ఎక్కువ తగ్గింది. 110 మంది సైనికులపై జరిగిన మరో చిన్న పరిశోధనలో ఒంటికాలిపై నిలబడే శక్తి కూడా మెరుగుపడింది.

ఇవి మంచి సంకేతాలే. కానీ ఆ సైనికులు వయసులో ఉన్నవారు. అరవై ఏళ్ళ రైతు గట్టు మీద పడకుండా ఇదొక్కటే కాపాడుతుందని చెప్పడానికి ఆధారాలు చాలవు. దీన్ని వ్యాయామానికి తోడుగా చూడాలి గాని, దాని బదులుగా చూడకూడదు.

ఎవరు చేయించుకోకూడదు?

* ఎముకలు గుల్లబారినవారు, చాలాకాలం స్టెరాయిడ్లు వాడినవారు.
* సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని వెన్ను నొప్పి ఉన్నవారు. ఇది వెన్నుపూసలకు క్షయ కావచ్చు. క్షయ సోకిన వెన్నును గట్టిగా ఒత్తితే కాళ్ళు పడిపోయే ప్రమాదం ఉంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్షయకు పరీక్ష, మందులు ఉచితం.
* ఫ్లోరోసిస్ ఉన్నవారు. ప్రకాశం, నల్గొండ జిల్లాల ఫ్లోరైడు గ్రామాల్లో వెన్ను కొయ్యబారడం మనకు తెలిసిందే. 1937లోనే ఆనాటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును గుర్తించారు. ఈ వెన్నులో కీళ్ళను పట్టి ఉంచే నరాల్లాంటి పట్టీలు సున్నంలా గట్టిపడి ఉంటాయి, వెన్నుపాముకు చోటు తగ్గిపోయి ఉంటుంది. బలవంతంగా కదిలించకూడదు.
* క్యాన్సరు ఉన్నవారు, ఈమధ్యే పడి దెబ్బతిన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా చేయించుకోకూడదు.
* మెడను వేగంగా తిప్పే చికిత్సలో అరుదుగానైనా మెడ రక్తనాళం చీలి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది. తల తిరుగుతోందని మెడ విరిపించుకోవడం అసలే వద్దు.

ఎదురుకాళ్ళతో పుట్టినవారితో నడుము మీద తన్నించుకోవడం, పిల్లలతో తొక్కించుకోవడం, మంగలి దుకాణంలో మెడ విరిపించుకోవడం కైరోప్రాక్టిక్ కాదు. కొందరికి హాయిగా అనిపించవచ్చు. లోపల ఏ జబ్బుందో చూడకుండా చేసే పని కాబట్టి వద్దని చెబుతున్నాం.

వెళ్ళే ముందు ఏం అడగాలి?

మన దేశంలో కైరోప్రాక్టర్లకు అల్లోపతి డాక్టర్లకు ఉన్నటువంటి ప్రత్యేక చట్టబద్ధ కౌన్సిల్ లేదు. ఫిజియోథెరపీని మాత్రం 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం గుర్తించింది. అందువల్ల ముందుగా ఎముకల డాక్టరును, తర్వాత ఫిజియోథెరపిస్టును కలవడం మంచిది. ఫిజియోథెరపిస్టుల్లో కూడా చేతులతో వెన్ను సర్దడం నేర్చినవారు ఉంటారు. ఎవరి దగ్గరికి వెళ్ళినా ఇవి అడగండి.

1. మీరు ఎక్కడ, ఎన్నేళ్ళు చదివారు?
2. చేయి వేసే ముందు నా పాత జబ్బులు, మందులు, ఎక్స్‌రే చూస్తారా?
3. ఎన్నిసార్లు రావాలి? నాలుగైదుసార్లకు మార్పు లేకపోతే ఏం చేస్తారు?
4. ఇంటి దగ్గర చేయవలసిన వ్యాయామం నేర్పుతారా?

ముప్పై, నలభై సిట్టింగులకు ముందే డబ్బు కట్టమన్నా, షుగరు, బీపీ కూడా వెన్ను సర్దితే పోతాయన్నా అక్కడినుంచి లేచి వచ్చేయండి. విత్తనం కొనేటప్పుడు బిల్లు అడిగినట్టే ఇక్కడా అడగడానికి మొహమాటపడకండి.

రోజూ చేయవలసిన వ్యాయామాలు

పడిపోవడాన్ని తగ్గించడంలో గట్టి ఆధారం ఉన్నది వ్యాయామానికే. పెద్దవయసు వారిపై జరిగిన అనేక పరిశోధనలను కలిపి 2019లో చేసిన సమీక్షలో వ్యాయామం వల్ల పడే సంఖ్య 23 శాతం తగ్గిందని తేలింది. పనిలోకి వెళ్ళేముందు 15 నిమిషాలు చాలు.

* కుర్చీ లేదా అరుగు మీదనుంచి చేతుల సాయం లేకుండా 10 సార్లు లేచి కూర్చోవాలి.
* గోడ పట్టుకుని మడమలు 15 సార్లు ఎత్తి దించాలి.
* గోడ పక్కన మడమకు వేళ్ళు తగిలేలా గీత మీద నడిచినట్టు 10 అడుగులు వేయాలి.
* వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుము పైకెత్తి, అయిదు లెక్కపెట్టి దించాలి. 10 సార్లు.
* ఒంటికాలి మీద 10 సెకన్లు, రెండు కాళ్ళకూ మార్చి మార్చి నిలబడాలి. దగ్గరలో గోడ ఉండాలి.

చేసేటప్పుడు కొద్దిపాటి నొప్పి ఫరవాలేదు. మర్నాటికి కూడా నొప్పి పెరిగి ఉంటే సంఖ్య సగానికి తగ్గించండి. ఆరు నుంచి ఎనిమిది వారాలు మానకుండా చేస్తేనే ఫలితం తెలుస్తుంది.

పొలం పనుల్లో మార్పులు

* వీలున్నచోట వరిలో డ్రమ్ సీడర్‌తో గాని, వెదజల్లి గాని విత్తుకుంటే నాట్ల వంగుడు తప్పుతుంది. కలుపుకు కోనో వీడర్ వాడుకోవచ్చు.
* నాట్లలో గంటకోసారి నిటారుగా లేచి, చేతులు నడుముకు ఆనించి అయిదారుసార్లు వెనక్కి వంగాలి. ముఠా అంతా కలిసి చేస్తే ఎవరూ వెనకబడినట్టు ఉండదు. మేస్త్రీలు దీనికి చొరవ చూపాలి.
* స్ప్రేయర్‌లో 16 లీటర్లు నింపనవసరం లేదు. నొప్పి ఉన్నవారు 10 లీటర్లే పోసుకుని, మందు మోతాదు కూడా ఆ నీటికి తగ్గట్టు కొలుచుకోవాలి. ఎకరాకు చెప్పిన మొత్తం మందు, నీరు తగ్గకూడదు. ట్యాంకుల సంఖ్య పెరుగుతుంది.
* నడక గట్టు ఒక్కటైనా రెండడుగుల వెడల్పుతో చెక్కి, గడ్డి కోసి ఉంచండి. బోదె దాటేచోట పలక వేయండి.
* ప్లాస్టిక్ షీటు పరిచిన నీటి కుంటల అంచు చాలా జారుతుంది. చుట్టూ కంచె, లోపలికి ముడులు వేసిన తాడు తప్పనిసరి. గట్టు లేని బావికి వరలు గాని, కంచె గాని వేయించండి.
* రాత్రి కరెంటుకు వెళ్ళేవారు టార్చి, చేతికర్ర రెండూ తీసుకెళ్ళాలి. కర్ర పట్టుకోవడం చిన్నతనం కాదు.
* పరీక్షలో నిలకడ తగ్గిందని తెలిసినవారు తాడి, కొబ్బరి చెట్లు ఎక్కకూడదు. ట్రాక్టరు లోడుపై నిలబడకూడదు.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

నడుము నొప్పితో పాటు మల మూత్రాలు పట్టు తప్పినా, ఆగిపోయినా, తొడల మధ్య మొద్దుబారినా, కాలు బలహీనపడినా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్ళాలి. అకస్మాత్తుగా మూతి వంకరపోవడం, మాట తడబడడం, ఒక చేయి, కాలు లాగేయడం, నిలబడలేనంత తూలు ఉంటే పక్షవాతం కావచ్చు. 108కి ఫోన్ చేయండి. ఇలాంటప్పుడు మర్దనలు, వెన్ను సర్దుడు పేరుతో సమయం పోగొట్టుకోకూడదు. పడిన తర్వాత కాలు మీద బరువు ఆనించలేకపోతే కట్టు కట్టించుకునే ముందు ఎక్స్‌రే తీయించండి.

ఈ సీజన్‌లో దుక్కి మొదలుపెట్టేముందు ఇంట్లో నలభై అయిదేళ్ళు దాటిన ప్రతి ఒక్కరూ పైన చెప్పిన రెండు పరీక్షలూ చేసుకోండి. మీతో పనిచేసే కూలీల చేత కూడా చేయించండి. నొప్పి ఉందని చెప్పినవారిని పనిలోంచి తీసేయకుండా నారు అందించడం, విత్తనశుద్ధి వంటి పనులకు మార్చండి. యంత్రాల అద్దె, విత్తే పద్ధతుల గురించి మీ గ్రామ వ్యవసాయ సిబ్బందిని, ఆరోగ్యం గురించి ఆశా కార్యకర్తను, దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని సంప్రదించండి.